సర్ఫింగ్, క్రాఫ్ట్ బీర్ ఒకే ట్రిప్‌లో.. ముందు అల, తర్వాతే గ్లాసు! ఎందుకంటే..

సెలవులొస్తే ఉప్పల్, నాచారం, పీర్జాదిగూడ వైపు ఫ్యామిలీలకు సముద్రం అంటే ముందు గుర్తొచ్చేది వైజాగే. పిల్లలకు సర్ఫింగ్ నేర్పించాలి, పెద్దవాళ్లు ఒక సాయంత్రం క్రాఫ్ట్ బీర్ టేస్ట్ చేయాలి అనుకుంటే మాత్రం ఇంకో రూటు చూడాలి. చెన్నై దాటాక ఈస్ట్ కోస్ట్ రోడ్. కోవళం, మహాబలిపురం, ఆఖర్న పుదుచ్చేరి. ఈ రూటులో ఒక సౌకర్యం ఉంది. సర్ఫింగ్ ముందు వస్తుంది, బ్రూవరీ తర్వాత వస్తుంది. ఆ వరుస తప్పితే ఏమవుతుందో కింద చూద్దాం.

వైజాగ్‌లో సర్ఫింగ్ లేదా అంటే ఉంది. రుషికొండ బీచ్‌లో సర్ఫ్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. అయితే సర్ఫింగ్ చుట్టూ ఒక ఊరే అల్లుకున్న చోటు చూడాలంటే కోవళం వెళ్లాల్సిందే.

కోవళం అంటే కేరళ కాదు

బుకింగ్ చేసేటప్పుడు జాగ్రత్త. కోవళం పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి కేరళలో తిరువనంతపురం పక్కన. మనం చెప్పుకుంటున్నది చెన్నైకి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మత్స్యకారుల గ్రామం. ఇంగ్లీషు వాళ్ల కాలం నుంచి దీన్ని కోవ్‌లాంగ్ అని కూడా అంటారు. రూమ్ బుక్ చేసే ముందు మ్యాప్‌లో ఒకసారి చూసుకోండి.

ఈ ఊరికి సర్ఫింగ్‌లో పేరు తెచ్చింది మూర్తి మేగవన్. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, అలల మీద నిలబడటం నేర్చుకుని, తన ఊరి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. 2012లో అరుణ్ వాసుతో కలిసి కోవ్‌లాంగ్ పాయింట్ సర్ఫ్ స్కూల్ పెట్టారు. ఇంకాస్త ముందుకెళ్తే మహాబలిపురం. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ జరిగింది ఇక్కడే. రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచి ఈ పోటీల్లో మన దేశానికి తొలి వ్యక్తిగత పతకం తెచ్చారు. మన క్రికెట్ గోలలో ఈ వార్త చాలామంది కంట పడలేదు.

మొదటి రోజు క్లాసులో ఏం చేయిస్తారు? ముందు ఇసుక మీదే ప్రాక్టీస్. బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో తెడ్డు వేసినట్టు నీళ్లు తోయడం, ఒక్క ఊపులో లేచి నిలబడటం. తర్వాత నడుము లోతు నీళ్లలోకి తీసుకెళ్తారు. అప్పటికే విరిగి తెల్లటి నురగతో ఒడ్డుకు వచ్చే అల మీదే నేర్పిస్తారు, లోపలి పెద్ద అలల మీద కాదు. కొత్తవాళ్లకు ఇచ్చే బోర్డు పెద్దది, 8, 9 అడుగులు ఉంటుంది. పైన మెత్తటి ఫోమ్ ఉంటుంది కాబట్టి తగిలినా గట్టి బోర్డంత దెబ్బ ఉండదు. కాలికి తాడు కడతారు, దాన్ని లీష్ అంటారు. పిల్లలకు ఈత వచ్చా అని స్కూల్ వాళ్లు అడుగుతారు. నిజమే చెప్పండి.

టైమింగ్ కూడా ముఖ్యమే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానుల సీజన్. కాబట్టి దసరా, క్రిస్మస్ సెలవుల్లో వెళ్తే సముద్రం మూడ్ ఎలా ఉంటుందో గ్యారంటీ లేదు. కొత్తవాళ్లకు ఫిబ్రవరి, మార్చి కాస్త నయం. పొద్దున్నే గాలి తక్కువగా ఉంటుంది కాబట్టి క్లాసులు 6, 7 గంటలకే మొదలవుతాయి. ఇది గుర్తుపెట్టుకోండి, బీర్ లెక్క దీని మీదే ఆధారపడి ఉంది.

రాత్రి తాగింది పొద్దున్నే దిగుతుందా?

తాగి సముద్రంలోకి దిగకూడదని అందరికీ తెలుసు. కానీ 'నిన్న రాత్రి కదా తాగింది, పడుకుని లేచాం కదా' అనుకునేవాళ్లే ఎక్కువ. లెక్క వేసి చూద్దాం.

5 శాతం ఆల్కహాల్ ఉన్న అర లీటర్ బీర్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. అంటే ఒక్క గ్లాసుకే రెండు, మూడు గంటలు. మూడు గ్లాసులు తాగి రాత్రి 11కి లేచారనుకోండి. మధ్యలో కొంత కరిగిపోయినా, తెల్లవారుజామున 4, 5 దాకా ఒంట్లో ఉండే చాన్స్ ఉంది. బావమరిది 'ఇంకొక్కటి' అన్నాడంటే లెక్క సర్ఫింగ్ క్లాస్ టైమ్ దాకా సాగుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లతో స్నానం చేసినా ఈ స్పీడ్ పెరగదు.

ఆల్కహాల్ పూర్తిగా పోయినా సరిపడా నిద్ర ఉండదు, ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, బ్యాలెన్స్ ఆలస్యంగా అందుతుంది. సర్ఫింగ్ అంటేనే బ్యాలెన్స్. పైగా ఒడ్డున నిలబడి పిల్లల్ని చూసుకోవాల్సింది కూడా మీరే. ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా సరే, ఇంట్లోవాళ్లు ఒకరు ఫోన్ పక్కన పెట్టి నీళ్ల వైపే చూస్తూ ఉండాలి.

ఎందుకింత హడావుడి అంటే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు తిరిగి లోపలికి వెళ్లడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. ఆ దారిలో అలలు విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. చాలామంది 'ఇక్కడ అల లేదు, సేఫ్' అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. వైజాగ్ అయినా చెన్నై అయినా ఇదే కథ. ఇది మనిషిని కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. ఒడ్డు వైపు ఎదురీదితే గజ ఈతగాడైనా అలిసిపోతాడు. కంగారు పడకుండా తేలుతూ, చెయ్యి పైకెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు బయటికి రావాలి. బోర్డు ఉంటే దాన్ని వదలొద్దు, అదే మీ తెప్ప. ఈ మాట ఆలోచించగలిగే తెలివి ఆ క్షణంలో ఉండాలి, మత్తులో ఉన్న మనిషికి అది ఉండదు. ఒడ్డున ఉన్నవాళ్లు కూడా వెంటనే దూకేయకూడదు. ముందు లైఫ్‌గార్డ్, తర్వాత 112.

మరి బీర్ ఎప్పుడు?

కోవళం, మహాబలిపురంలో రెండు, మూడు రోజులు సర్ఫింగ్ పూర్తి చేసి, ఆఖరి రాత్రి పుదుచ్చేరిలో పెట్టుకోండి. చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్ మీద సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ కాటమరాన్ బ్రూయింగ్ కంపెనీ అనే మైక్రోబ్రూవరీ ఉంది. కట్టుమరం అన్న తమిళ మాటే ఇంగ్లీషులో కాటమరాన్ అయింది. పుదుచ్చేరిలోనూ సెరెనిటీ బీచ్ దగ్గర కల్లియాలే సర్ఫ్ స్కూల్ ఉంది. అక్కడ పొద్దున్నే క్లాస్ పెట్టుకుంటే మాత్రం ముందు రాత్రి బ్రూవరీ వద్దు.

మైక్రోబ్రూవరీ బీర్ షాపులో దొరికే సీసా లాంటిది కాదు. మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీళ్లతో అక్కడే కాచి, పులియబెట్టి, తాజాగా ట్యాప్ నుంచి పోస్తారు. సాధారణంగా పాశ్చరైజ్ చేయరు కాబట్టి ఎక్కువ కాలం నిలవదు. గోధుమ బీర్ తేలిగ్గా ఉంటుంది, కొన్ని రకాల్లో ఆల్కహాల్ 7, 8 శాతం దాకా వెళ్తుంది. బోర్డు మీద ఆ నంబర్ చూసి ఆర్డర్ చేయండి, పై లెక్క దాంతోనే మారుతుంది. అన్నీ రుచి చూడాలంటే చిన్న గ్లాసుల శాంప్లర్ అడగండి. హైదరాబాద్‌లో ఇలాంటివి ఎక్కువగా జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపే. పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ ట్రాఫిక్ దాటి అక్కడికి వెళ్లి రావడం కూడా ఒక టూరే అనుకోండి.

వయసు రూల్ కూడా మారుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడులో 21 ఏళ్లు, పుదుచ్చేరిలో 18. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి, అమ్మాయి కూడా వస్తుంటే ఈ మాట ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. చిన్నపిల్లల్ని లోపలికి రానిస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు.

రైలు విషయానికొస్తే, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక తూర్పు వైపు వాళ్లకి కాస్త సుఖం. టికెట్ మీద స్టేషన్ చర్లపల్లా, సికింద్రాబాదా, నాంపల్లా అన్నది చూసుకునే ఆటో ఎక్కండి. చెన్నైలో దిగాక కారు అద్దెకు తీసుకుంటే, బ్రూవరీ రాత్రి డ్రైవర్‌ని పెట్టుకోవాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదంటే రెండూ. తిరుగు ప్రయాణంలో పుదుచ్చేరి సీసాలు డిక్కీలో వేసుకుని తమిళనాడులోకి రావద్దు, చెక్‌పోస్టుల్లో వెతికేది వాటికోసమే.