పాసగుట – తప్పుట

పరీక్షాఫలితములు వెలువడిన నాడు కామారెడ్డి జిల్లా రామారెడ్డిలోనైనను, మరి ఏ తెలుగు ఊరిలోనైనను బడిపిల్లవానికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: “పాసయినావా?” ఇంగ్లీషు అక్షరమెరుగని ముసలమ్మకు సైతం అది తెలుగుమాటే.

ఈ మాటకు పుట్టినిల్లు లాటిను. ఆ భాషలో ‘పస్సుస్’ అనగా అడుగు. కాలు చాచి వేసేది కనుక, చాచుట అనే అర్థముగల ‘పండెరె’ దానికి మూలము. ఫ్రెంచి మీదుగా అది 13వ శతాబ్దిలో ఇంగ్లీషున ప్రవేశించినది. అడుగువేయుట క్రమముగా దాటుట, గడచుట, చేతులు మారుట, చట్టము ఆమోదము పొందుట, తుదకు మరణించుట కూడ అయినది. గడచిన కాలము ‘పాస్ట్’. పొద్దుపుచ్చే వినోదము ‘పాస్‌టైమ్’. అయితే పోలిక చూచి మోసపోరాదు. ‘పాసివ్’, ‘పేషెంట్’ అనునవి ఈ కుదురువి కావు. వాటి మూలము సహించుట అనే అర్థముగల వేరొక లాటిను క్రియ.

ఇంగ్లీషులో ఈ క్రియ సకర్మకము. విద్యార్థి కర్త, పరీక్ష కర్మ. తెలుగు దీనిని నామమువలె గ్రహించి ‘అగు’, ‘చేయు’ అను తన క్రియలను చేర్చుకొన్నది. విద్యార్థి పాసవుతాడు, దిద్దేవారు పాసు చేస్తారు. ఉర్దూలోనూ ఇదే పద్ధతి: ‘పాస్ హోనా’, ‘పాస్ కర్నా’.

గ్రంథభాషలో పాసయినవాడు ‘ఉత్తీర్ణుడు’. దాటుట అనే అర్థముగల ‘తౄ’ ధాతువునుండి వచ్చినదీ మాట. తరించుట, తీర్థము, అవతారము దీని తోబుట్టువులే. ఇక అచ్చతెలుగున వాడు ‘గట్టెక్కినాడు’. లాటిను అడుగు, సంస్కృతపు దాటుట, తెలుగు గట్టు — మూడింటా కనిపించేది ఒక ప్రయాణమే.

మరి దాటలేనివాని మాట? ‘ఫెయిల్’కు మూలమైన లాటిను ‘ఫల్లెరె’కు మోసగించుట అని అర్థము. తెలుగువారు ‘పరీక్ష తప్పినాడు’ అన్నారు. దారి తప్పుట, గురి తప్పుట వంటిదే ఈ తప్పుట. తప్పినవాడు తప్పు చేసినవాడు కాడు. ఈ భేదము వ్యాకరణముతో ముగిసేది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితముల తరువాత ఇరువదిమంది విద్యార్థులకు పైగా ప్రాణములు తీసికొన్నారు.

దారి తప్పినవానిని ఎవరూ నిందించరు. చేయిపట్టి దారి చూపుతారు. మరల వ్రాయుటకు సప్లిమెంటరీ పరీక్ష ఉండనే ఉన్నది. ఫలితములు వెలువడక ముందే ఉపాధ్యాయుడు ఈ అర్థమును తరగతిలో ఒక్కమారు చెప్పుట మేలు. ఏరు దాటుటకు రేవు ఒక్కటే ఉండదు.