అడిగితే కాదనరు

మందుల పరీక్షలకు మన జనం ముందుకు రారని, చదువు లేక భయపడతారని చాలామంది డాక్టర్ల అభిప్రాయం. నేనైతే ఒప్పుకోను. 2020 చివర్లో మొదలైన కొవాగ్జిన్ మూడో దశ పరీక్షల్లో దేశమంతటా 25,800 మంది చేరారు. ఆ టీకా ఏ మేరకు పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా వచ్చారు. తమకు తెలియకుండా, తమను అడగకుండా పని జరిగిపోయిందని తెలిసినప్పుడే జనానికి నమ్మకం పోతుంది.

ఖమ్మం జిల్లా సంగతే చూడండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను 2009లో అక్కడి మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. దాదాపు 14 వేల మంది. హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు వారిలో చాలామంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. గుజరాత్‌లోనూ ఇలాంటిదే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో అన్నీ ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఒక పాప నీళ్లలో మునిగి, మరొకరు పాము కరిచి పోయారు.

అసలు తప్పు కాగితాల్లో దొరికింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల, హెడ్మాస్టర్ల సంతకాలు. 1,948 మీద వేలిముద్రలు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే కావచ్చు. కానీ పిల్లను కన్నవాళ్లను ఒక్క మాట అడగాల్సింది.

2019లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఇలా అడగడం తప్పనిసరి. వివరాల పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారికి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి చెప్పాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారమూ ఉంటుంది. మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగదు. ఈ చివరి మాట చాలామందికి ఎవరూ చెప్పరు.

ఆస్పత్రిలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఆపరేషన్ కాగితాలతో పాటే ఇంకో పది కాగితాలు, పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం. "అక్కడ పెట్టండమ్మా" అంటే పెట్టేస్తాం. పరిశోధన పత్రం విషయంలో మాత్రం ఆగండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పండి. నాకు అసలు మందు వస్తుందా, మందు లేని ఉత్తి సూది వస్తుందా అని అడగండి. చాలా పరీక్షల్లో దాన్ని చీటీలు తీసినట్టే నిర్ణయిస్తారు, మీ డాక్టరుకూ తెలియదు. మనకు మేలైనదే ఇస్తారన్న నమ్మకంతో చేరేవారికి ఇది ముందే తెలియాలి. పత్రం మీద, పరీక్ష సరిగ్గా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందో లేదో కూడా చూడండి.

జనం ముందుకొస్తారనడానికి మరో ఉదాహరణ చూడండి. ఖమ్మం కార్యక్రమాన్ని 2010లో ఆపేయడం మరో పరిశోధననూ తాకింది. అదే హెచ్‌పీవీ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి దేశంలో తొమ్మిది చోట్ల అప్పట్లో వేరే అధ్యయనం జరుగుతుండేది. ఖమ్మం గొడవతో అక్కడా టీకాలు ఆగిపోయాయి. దాదాపు అయిదు వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వాళ్లను వదిలేయకుండా పరిశోధకులు పదేళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. పెళ్లిళ్లయి కాపురాలకు వెళ్లాక కూడా ఎందరో ఆ పరీక్షలకు ఒప్పుకున్నారు. ఒక్క డోసుతోనూ గట్టి రక్షణ ఉంటుందని వాళ్ల వల్లే తెలిసింది. ఒక డోసు పద్ధతికి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం తెలిపినప్పుడు చూసిన ముఖ్యమైన ఆధారాల్లో ఇదొకటి.