ఒడిలోని గిటారు: అపోహలు – వాస్తవాలు

సంగీతమునందు అభిలాష కలిగియు, వాద్యము కొనుటకు ధనము చాలదనియో, నేర్చుకొను వయస్సు గతించినదనియో సంకోచించుచు ఏండ్లు గడపువారు మనలో అనేకులు కలరు. ఒడిలో వెల్లకిల పరుండబెట్టుకొని, ఎడమచేత నొక ఉక్కుకడ్డీని తీగలపై జార్చుచు, కుడిచేతి వ్రేళ్లతో మీటుచు వాయించు ల్యాప్ స్టీల్ గిటారు విషయమున ఇట్టి సంకోచములు మరింత బలముగా నాటుకొని యున్నవి. మన దేశమున చిరకాలము హవాయియన్ గిటారను పేర ప్రసిద్ధమైన యీ వాద్యమును ప్రారంభించుటకు కావలసిన వ్యయము స్వల్పము. కావలసిన శ్రద్ధ మాత్రము స్వల్పము కాదు. ఈ రెంటిని తారుమారుగా తలచుటవలననే దీనినిగూర్చిన అపోహలలో అధికభాగము పుట్టినది.

అపోహ 1: ఇది పరదేశపు వాద్యము, మన రాగములు దీనిపై పలుకవు.

వాస్తవము: ఈ వాదనపద్ధతి హవాయి దీవులలో పుట్టినమాట నిజము. 1874లో ఓఅహు ద్వీపమందలి లాయియె గ్రామమున జన్మించిన జోసెఫ్ కెకుకు, విద్యార్థిదశలోనే దువ్వెనతోను, కత్తి వీపుతోను తీగలను తడవి చూచి, తుదకు నున్నని ఉక్కుకడ్డీని కల్పించుకొని యీ పద్ధతిని స్థిరపరచెనని ప్రసిద్ధి. హవాయి సంగీతమున ఆరితేరిన టావ్ మో 1940ల కాలమున కలకత్తాలో నివసించి, ఈ నాదమును ఇచ్చటి శ్రోతలకు సన్నిహితము చేసెను. అయితే అది మన యింట అతిథిగానే నిలిచిపోలేదు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీనిపై హిందుస్థానీ రాగములను ఆలపించి, 1967లో వెలువడిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ అను రికార్డులో శివకుమార్ శర్మ సంతూరునకును, హరిప్రసాద్ చౌరాసియా వేణువునకును సరసన దీనిని నిలిపెను. విశ్వమోహన్ భట్ ఈ గిటారునుండి తాను తీర్చిదిద్దుకొన్న మోహనవీణతో 1994లో గ్రామీ పురస్కారము నందెను. మెట్లులేని వీణపై కొయ్యముక్కను జార్చి వాయించు దక్షిణదేశపు గోటువాద్యమును విన్న చెవికి ఇందు వింత యేమియు తోపదు. స్వరమునుండి స్వరమునకు తెగక సాగు జారుడు మన సంగీతమున గమకములలో నొకటి. ఈ వాద్యమునకు ప్రాణమును అదియే.

అపోహ 2: వెల హెచ్చైన ప్రత్యేకవాద్యము లేనిదే ప్రారంభింపరాదు.

వాస్తవము: ఉక్కుతీగలు గల సామాన్యమైన గిటారు ఒకటి యింట నున్నచో సగము పని యైనట్లే. గిటారు మెడపైభాగమున తీగలు ఆనుకొనుచోట నుండు చిన్న ఆధారమును ‘నట్’ అందురు. దానిపై తొడుగువలె అమరు లోహపు ‘ఎక్స్‌టెన్షన్ నట్’ అనునది తీగలను మెట్లకు చాల ఎత్తున నిలుపును. దీనికి జిగురు పూయనక్కరలేదు, కొయ్యను చెక్కనక్కరలేదు; తీగలను వదులు చేసి, దీనిని అమర్చి, మరల బిగించిన చాలును. వలదనుకొన్ననాడు తీసివేసినచో గిటారు యథాపూర్వమగును. నైలాన్ తీగల గిటారు మాత్రము ఈ పనికి తగదు. ఉక్కుపై ఉక్కు జారినప్పుడే ఆ దీర్ఘమైన నాదము పుట్టును.

అపోహ 3: మెడ వంగిన పాత గిటారు దేనికిని కొరగాదు.

వాస్తవము: వ్రేళ్లతో నొక్కి వాయించువానికి శత్రువులైన లోపములు కొన్ని యిచ్చట లోపములే కావు. తీగ మెట్టును తాకదు గనుక మెట్లు అరిగినను, తీగలు ఎత్తుగా నున్నను, మెడ ఒకింత వంగినను బాధ లేదు. పరీక్షింపవలసినవి వేరు కలవు. బిరడలు త్రిప్పినచోట నిలుచుచున్నవా? తీగల క్రిందికొనలను పట్టియుంచు ‘బ్రిడ్జి’ పలకనుండి లేచి వచ్చుచున్నదా? లేచుచున్నచో అట్టి వాద్యమును కొనకుండుట మేలు. మరియొక సూక్ష్మము కలదు. సామాన్యపు గిటారులలో బ్రిడ్జిపై తీగలు మోపు ఎముకపట్టీ నడుమ కొంచెము ఉబ్బి యుండును. కడ్డీ తిన్ననిది గనుక అంచుతీగలు దానికి సరిగా ఆనక బుర్రుమనును. ఆ పట్టీ పైయంచును సమతలముగా అరగదీయించుకొన్నచో ఆ దోషము తొలగును.

అపోహ 4: విద్యుత్తుతో పలుకు స్టీల్ గిటారు ఇటీవలి హంగు, మొదట దానిని కొనుట దుబారా.

వాస్తవము: విపణిలోనికి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారులలో నొకటి ల్యాప్ స్టీలే. జార్జి బోషాంప్ రూపకల్పనతో 1932లో రికెన్‌బాకర్ సంస్థ దానిని అమ్మకమునకు తెచ్చెను; దాని ఆకారమును బట్టి లోకులు దానిని ‘ఫ్రయింగ్ పాన్’ అనిరి. బోలు డొక్క లేని ఒంటిపలక నిర్మాణము గనుక నేటికిని సాదా ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్ తక్కువ వెలకే తయారగుచున్నది. దానికి చిన్న ఆంప్లిఫయరు తోడైన చాలును. కాళ్లపై నిలిచి, పాదములతోను మోకాళ్లతోను శ్రుతులు మార్చు పెడల్ స్టీలుతో దీనిని పోల్చి భయపడరాదు. అది వేరొక వాద్యము, దాని వెలయు వేరు.

అపోహ 5: చేతికి దొరికిన యే ఇనుపముక్కయైనను చాలును, గట్టిగా అదిమిన నాదము గట్టిగా వచ్చును.

వాస్తవము: పొదుపు చేయరాని వస్తువు ఒక్కటి యున్నచో అది యీ కడ్డీయే. గీతలుపడిన కడ్డీ తీగపై గరగరలాడును. మరీ తేలికైనది తీగను నిలువరింపజాలక నాదమును సన్నగిలజేయును. నునుపుగా మెరుగుపెట్టిన, చేతికి బరువు తెలియు ఉక్కుకడ్డీని కొనుడు. దాని బరువే దాని పని చేయును. మన చేయి దానిని నడపవలయునే కాని అదుమరాదు. అదిమినచో తీగ క్రిందికి వంగి స్వరము హెచ్చగును, కొండొకచో మెట్టును తాకి చిటచిటలాడును.

అపోహ 6: మెట్లు కలవు గనుక స్వరస్థానము దానంతటదే సరిపోవును.

వాస్తవము: ఇచ్చట మెట్టు ఆధారము కాదు, గుర్తు మాత్రమే. వ్రేలితో నొక్కువాడు మెట్టునకు వెనుక నొక్కును. కడ్డీ పట్టువాడు మెట్టుతీగకు సరిగా పైనే నిలుపవలెను. కన్ను పక్కనుండి చూచినచో మోసపోవును. నిట్టనిలువుగా పైనుండి చూడవలెను. ఒక చిన్న పరీక్ష చేయుడు. పండ్రెండవ మెట్టునకు పైన తీగను కుడిచేతి వ్రేలితో పైపైన ముట్టి మీటుడు. గంటవంటి స్వచ్ఛమైన తారస్థాయి స్వరము వినబడును. పిమ్మట కడ్డీని అచ్చటనే యుంచి మీటుడు. రెండును కలసినచో కడ్డీ సరియైనచోట నున్నట్లు. ఒక్కొక్కప్పుడు ఆ చోటు మెట్టుకంటె వెంట్రుకవాసి బ్రిడ్జివైపున కనబడును; అప్పుడు కన్నును కాక చెవినే నమ్ముడు. ఎడమచేతి ఉంగరపువ్రేలును, చిటికెనవ్రేలును కడ్డీ వెనుక తీగలపై తేలికగా ఆనింపుడు; అనవసరపు రొదలు అణగును.

అపోహ 7: ఏ శ్రుతికైనను పాత తీగలే సరిపోవును.

వాస్తవము: పుస్తకములలో తరచుగా కనబడు జి-బి-డి-జి-బి-డి శ్రుతికి మామూలు తీగలను బిగించినచో, ఆరవతీగ మూడు మెట్ల మేరయు, ఐదవది రెండు మెట్ల మేరయు పైకి లాగబడి, తెగుటకో బ్రిడ్జిని పెకలించుటకో దారితీయును. దానికి తగిన తీగలు వేరు. ప్రారంభకునకు డి-జి-డి-జి-బి-డి అను శ్రుతి శ్రేయస్కరము. ఇందు ఏ తీగయు పైకి బిగింపబడదు. జి షడ్జముగా గ్రహించినచో లావుతీగనుండి సన్నతీగవరకు వరుసగా ప-స-ప-స-గ-ప అని మీటుటచేతనే పలుకును. సన్నతీగనుండి లెక్కించినచో మూడవది షడ్జము. దానిపై విడితీగ, 2, 4, 7, 9, 12 అను మెట్లపై కడ్డీని నిలిపినచో మోహనరాగపు ఆరోహణము స-రి-గ-ప-ద-స సిద్ధించును. తంబుర శ్రుతి ప్రక్కన పెట్టుకొని తొలి మాసమంతయు ఇంతమాత్రమే సాధించినను నష్టము లేదు.

అపోహ 8: చిన్ననాట నేర్వనివానికి ఇది అలవడదు.

వాస్తవము: ఎడమచేతి వ్రేళ్లు తీగను నొక్కనక్కరలేదు గనుక, గిటారు నేర్చువారిని తొలివారములలో వేధించు వ్రేలికొనల నొప్పి యిందు లేదు. వయసు మీరినవారికి ఈ వాద్యము అనుకూలమే. కావలసినది స్వరమును పోల్చుకొను ఓపిక; అది వయస్సుతో తరుగునది కాదు.

చదువరులారా, మీ యింట అటకపై ధూళిపట్టిన గిటారు ఉన్నయెడల దానిని దింపి, తీగలు మార్చి, ఎక్స్‌టెన్షన్ నట్టును, మంచి కడ్డీని మాత్రము కొనుడు. మిగిలిన ధనమును దాచుకొని, దినమునకు అరగంట మీ చెవిని శ్రుతికి అప్పగింపుడు.