మద్నూర్ బస్సు దిగితే మెట్రో: మన పట్నం స్టేషన్ల వింతలు విశేషాలు

మద్నూర్‌కు రైలు లేదు. మహారాష్ట్ర సరిహద్దులోని ఈ మండలంలో తెలుగూ మరాఠీ కలిసే వినిపిస్తాయి. 161వ నంబరు జాతీయ రహదారి మీద నాందేడ్ వైపూ సంగారెడ్డి వైపూ లారీలు ఆగకుండా తిరుగుతాయి. రైలు ఎక్కాలంటే మాత్రం బోధన్ దాకా పోవాలి. అందుకే ఇక్కడివాళ్లలో చాలామందికి రైలు అంటే హైదరాబాద్ పట్నంలో బస్సు దిగాక ఎక్కేదే. పిట్లం, జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి వచ్చిన బస్సుకు మొదట లింగంపల్లి తగులుతుంది, తర్వాత మియాపూర్. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు, మియాపూర్‌లో మెట్రో. రెండింటి మధ్య నాలుగైదు కిలోమీటర్ల దూరం. లింగంపల్లి మీదుగా పోయే వాడి–సికింద్రాబాద్ పట్టాలు నిజాం కాలంలో 1874లో పడ్డాయి. మియాపూర్‌లో మెట్రో కదిలింది 2017లో. 143 ఏళ్ల రైలు చరిత్ర ఆ నాలుగైదు కిలోమీటర్లలోనే ఇమిడి ఉంది.

తొలిరోజే ముప్పై కిలోమీటర్లు

హైదరాబాద్ మెట్రో పుట్టిన చోటు మియాపూరే. 2017 నవంబర్ 28న ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడే ప్రారంభించి, కూకట్‌పల్లి దాకా రైల్లో వెళ్లి వచ్చారు. మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు ఒక్కసారే తెరిచారు. కోల్‌కతా 1984లో మూడున్నర కిలోమీటర్లతో, ఢిల్లీ 2002లో ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకుతో మొదలుపెట్టాయి. ఒక నగరం తన తొలి మెట్రోను ఇంత పొడవున ఒకేసారి తెరవడం అప్పటిదాకా దేశంలో జరగలేదు. 1863 జనవరి 10న లండన్‌లో ప్రపంచపు తొలి భూగర్భ రైలు నడిచినప్పుడు దాని పొడవు ఆరు కిలోమీటర్లు. దాన్ని లాగింది బొగ్గు ఇంజను. సొరంగం నిండా పొగ ఉన్నా మొదటి రోజే 38 వేల మంది ఎక్కారు.

మన మెట్రో అంత తేలిగ్గా ఏమీ రాలేదు. 2008లో మేటాస్ సంస్థ ప్రభుత్వానికే ఎదురు డబ్బు ఇస్తానని టెండర్ దక్కించుకుంది. మేటాస్ యజమానుల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండర్లు పిలిస్తే ఎల్ అండ్ టీకి దక్కింది, 2010 సెప్టెంబర్‌లో సంతకాలయ్యాయి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిన మెట్రోల్లో ప్రపంచంలోనే పెద్దది ఇదేనని దీన్ని కట్టినవాళ్లు చెబుతారు. కమ్యూనికేషన్ ఆధారిత రైలు నియంత్రణ విధానం ఇక్కడ ఉంది. రైలు ఎక్కడుందో రేడియో సంకేతాలతో క్షణక్షణం తెలుస్తుంది కాబట్టి రద్దీ వేళల్లో కొద్ది నిమిషాలకొక రైలును నడపగలుగుతున్నారు.

పాతాళం, ఆకాశం

ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అర్సెనాల్నా అనే స్టేషన్ నేలకు 105 మీటర్ల లోతున ఉంది. 1960లో తెరిచారు. మన దేశంలోని లోతైన స్టేషన్లలో ఒకటి హౌరా మెట్రో స్టేషన్, సుమారు 33 మీటర్లు. 2024లో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు ఉంటే ఒక్క స్టేషనూ భూమి కింద లేదు. రోడ్డు నడుమ ఒకే వరుస స్తంభాలు వేసి, వాటి మీద రెండు వైపులా రెక్కల్లా చాచి స్టేషన్లు కట్టారు. కింద బస్సులూ ఆటోలూ ఎప్పట్లాగే తిరుగుతుంటాయి. ఇరుకు రోడ్ల మీద ఇలా కట్టగలగడం ఇంజనీర్ల గొప్పతనం. నన్నడిగితే పొడవు రికార్డుల కంటే దీన్నే ముందు చెప్పాలి.

అమీర్‌పేట

మన పల్లెల పిల్లలకు మెట్రో రాకముందే అమీర్‌పేట తెలుసు. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సుల బోర్డులు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు. డిగ్రీ అయ్యాక బ్యాగు సర్దుకొని వచ్చిన జుక్కల్, బిచ్కుంద, మద్నూర్ పిల్లలు ఎందరో ఇక్కడి నుంచే ఉద్యోగాల్లోకి వెళ్లారు. ఇప్పుడు అదే చోట మియాపూర్–ఎల్బీనగర్ మార్గం, నాగోల్–రాయదుర్గం మార్గం ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. సుమారు రెండు లక్షల చదరపు అడుగుల స్టేషన్ ఇది, దేశంలోని పెద్ద మెట్రో స్టేషన్లలో ఒకటి. మియాపూర్‌లో ఎక్కిన పిల్లవాడు ఇక్కడ మారితే హైటెక్ సిటీ, ఇంకొంచెం పోతే రాయదుర్గం. కోర్సు నేర్చిన వీధికీ ఉద్యోగం చేసే మేడకీ మధ్య ఇప్పుడు ట్రాఫిక్ బెడద లేదు. దీన్ని ఏ రికార్డు పుస్తకమూ రాసుకోదు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు మాత్రం ఇది చిన్న విషయం కాదు.

రాయదుర్గం దారిలో అమీర్‌పేట తర్వాతి స్టేషన్ మధురానగర్‌కు తరుణి అనే పేరు కూడా ఉంది. మహిళలను దృష్టిలో పెట్టుకొని రూపొందించారు దాన్ని.

రెండు బస్టాండ్లను కలిపిన రైలు

నిజామాబాద్, కామారెడ్డి వైపు బస్సులు చేరేది జేబీఎస్. దక్షిణాది జిల్లాలకు పోవాలంటే మూసీ ఒడ్డున ఉన్న ఎంజీబీఎస్‌కు, అదే ఇమ్లీబన్‌కు, చేరాలి. సామాన్లు మోసుకొని సిటీ బస్సుల్లో ఈ రెండింటి మధ్య పడిన అవస్థ పాతవాళ్లకు గుర్తే. 2020 ఫిబ్రవరి 7న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వీటిని కలిపే 11 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని ప్రారంభించాక అది పావుగంట పైచిలుకు ప్రయాణమైంది. ఇదే మార్గం పాతబస్తీలో ఫలక్‌నుమా దాకా పోవాల్సింది, ఎంజీబీఎస్‌లోనే ఆగిపోయింది. ఆ లోటు పట్నానికి ఇంకా ఉంది.

పదమూడు నిమిషాల గుండె

అన్ని విశేషాల్లోకీ నన్ను ఎక్కువగా కదిలించినది ఇది. 2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ ఆసుపత్రి నుంచి దాత గుండె ఒకటి మెట్రో ఎక్కింది. లక్డీకాపూల్ దాకా 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. రోడ్డు మీద అంబులెన్సుకు దారి ఇప్పించడానికి ఎందరు పోలీసులు నిలబడాలో తలచుకుంటే ఆ వేగం విలువ తెలుస్తుంది. అంతకుముందు 2021 ఫిబ్రవరి 2న నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఇలాగే ఒక గుండెను ఎక్కడా ఆపకుండా అరగంటలోపు చేర్చారు. తమ మనిషి పోయిన దుఃఖంలోనూ అవయవదానానికి సరేనన్న కుటుంబాలకు చేతులెత్తి మొక్కాలి.

అయిదు రూపాయల రైలు

మెట్రో మెరుపులో ఎంఎంటీఎస్‌ను మరిచిపోతున్నాం. 2003 ఆగస్టు 9న మొదలైన ఈ లోకల్ రైలు కనీస టికెట్ అయిదు రూపాయలే. మెట్రోలో కనీస చార్జీ 2025 మే చివర్లో 11 రూపాయలైంది. కూలికి పోయేవాళ్లకూ చిరుద్యోగులకూ ఆ తేడా నెల తిరిగేసరికి బియ్యం ఖర్చంత. 2023లో మేడ్చల్, ఉందానగర్ వైపు, 2024లో మౌలాలి–సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ వైపు కొత్త సర్వీసులు వచ్చాయి. ఎంఎంటీఎస్ లైనులోని బేగంపేట స్టేషన్‌ను పూర్తిగా మహిళా సిబ్బందే నడిపిస్తున్నారు. ముంబయిలో మాటుంగా 2017లో ఈ పద్ధతికి దేశంలో తొలి స్టేషన్ అయింది.

ఇక మన వైపు మాట. బోధన్ నుంచి బాన్సువాడ మీదుగా బీదర్‌కు రైలు కావాలన్నది ఈ ప్రాంతపు చిరకాలపు కోరిక. మెట్రో రెండో దశలో మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్ల మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రతిపాదించి కేంద్రానికి పంపింది. అది పూర్తయితే మద్నూర్ బస్సు ఎక్కినవాళ్లు పటాన్‌చెరులోనే దిగి మెట్రో అందుకోవచ్చు.