తాళాన్ని పరీక్షించే హక్కు ఎవరిది?

రాజధానిలో ‘భద్రత’ అనే మాట వినబడిన మరుక్షణం తలుపులు మూసుకుంటాయి. సైనిక వ్యవహారాలలో దానికి అర్థముంది. సామాన్యుడు కిరాణా కొట్టులో ఫోను చూపి డబ్బు చెల్లించే పద్ధతికి కూడా అదే సూత్రం వర్తింపజేయడం నాకు సమంజసంగా తోచదు. ఎందుకో చెప్పాలంటే ఒక పాత కథ ఎత్తుకోవలసి ఉన్నది.

1978లో రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు రెండు కంప్యూటర్లు సంకేత లిపిలో ఉత్తరాలు నడుపుకొని ఒకదానినొకటి గుర్తుపట్టే విధానాన్ని ప్రచురించారు. అందులో కీలకమైన ఉత్తరాలు మూడే. పండితులు చదివి మెచ్చారు. 1989లో నీధమ్ స్వయంగా మరి ఇద్దరితో కలిసి తర్కశాస్త్రరీత్యా దానిని పరిశీలించారు. అప్పుడూ లోపం చిక్కలేదు.

1995లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు గావిన్ లో దానిని బయటపెట్టారు. రామయ్య ఒక మోసగాడితో మామూలుగా సంభాషణ మొదలుపెడితే చాలు. వాడు రామయ్య మాటలను సోమయ్యకు చేరవేసి, సోమయ్య వేసిన ప్రశ్నకు జవాబును రామయ్య చేతనే విప్పించి, తానే రామయ్యనని నమ్మించగలడు. తాళం పగలలేదు, దొంగ మాత్రం ఇంట్లో ఉన్నాడు! మరుసటి ఏడాది ఆయన ఎఫ్.డి.ఆర్. అనే కంప్యూటర్ సాధనానికి ఈ విధానపు చిన్న నమూనాను అప్పగించారు. ఉత్తరాలు ఏయే వరుసలలో నడవవచ్చునో అన్నింటినీ విడవకుండా గాలించి, ఆ యంత్రం దాడిని తనంతట తానే చూపింది. మందు చిన్నదే: రెండవ ఉత్తరంలో పంపినవాని పేరు చేర్చడం. పదిహేడేళ్లు మేధావుల కళ్లు కప్పిన లోపమది.

ప్రపంచం పాఠం నేర్చుకున్నది. వెబ్‌సైట్లతో మన సంభాషణను కాపాడే టి.ఎల్.ఎస్. 1.3 విధానం 2018 ఆగస్టులో వెలువడకముందే, దాని ముసాయిదాలను బహిరంగంగా ఉంచగా, పరిశోధకులు ఇటువంటి సాధనాలతో జల్లెడ పట్టారు.

మన యు.పి.ఐ. సంగతి వేరు. 2016లో అది ప్రజల చేతికి వచ్చినా లోపలి విధానాన్ని ప్రచురించలేదు. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు యాప్‌లను విప్పి చూసి, దానిని ఊహించి రాబట్టవలసి వచ్చింది. ఫోనులో దొంగ యాప్ ఒకటి చేరితే, ఎన్నడూ యు.పి.ఐ. వాడనివారి ఖాతాను సైతం ఖాళీ చేయవచ్చునని 2020లో వారు ప్రకటించారు. వారు చూపిన ముఖ్య మార్గాన్ని యు.పి.ఐ. 2.0లో మూసివేశారు, ఆ మేరకు అధికారులను అభినందించవలసిందే.

అయితే ఇటువంటి పని ఇక్కడి విద్యార్థి తలపెడితే? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో ప్రవేశించినవానిని నష్టపరిహారానికి బాధ్యుణ్ణి చేస్తుంది. అది కపటబుద్ధితో చేశాడని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. సదుద్దేశంతో లోపం వెదికేవానికి అందులో ప్రత్యేక మినహాయింపు రాయలేదు. తన బుద్ధి మంచిదని కోర్టులో నిరూపించుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? డిజిటల్ చెల్లింపుల లెక్కలు విని బల్లలు చరిచే మన సభ్యులు, ప్రశ్నోత్తరాల సమయంలో ఒక్కసారి ఈ మినహాయింపు సంగతి అడగవచ్చును.