నీళ్లు తీశాక వచ్చేవాళ్లు

2015 నవంబరు వానలకు గూడూరు దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్లెక్కాయి. బస్సులు, లారీలు బారులు తీరి నిలిచిపోయాయి. ఈశాన్య రుతుపవనాలు ముదిరితే నెల్లూరు సీమకు ఇది కొత్తేమీ కాదు. అలాంటప్పుడు మన ఊళ్లలో సాయానికీ కొదవుండదు. పులిహోర పొట్లాలు వస్తాయి, పాత చీరలు వస్తాయి, ‘మేముండామే, ఏడవబాక’ అనే మాటా వస్తుంది. పదో రోజున ఇంట్లో బురద ఎత్తేటప్పుడు గుమ్మంలో ఎవరున్నారన్నదే అసలు సంగతి.

కష్టంలో తోడు అనగానే ఓదార్పే గుర్తొస్తుంది. దాన్ని తీసిపారేయడానికి లేదు. 2006లో జేమ్స్ కోన్ అనే అమెరికా శాస్త్రవేత్త తన బృందంతో 16 మంది వివాహితలను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, చీలమండకు కరెంటు షాక్ తగలొచ్చని హెచ్చరించి చూశాడు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి స్పందించే భాగాల హడావుడి తగ్గింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది గానీ అంత కాదు. కాపురం సవ్యంగా సాగుతున్నవాళ్లకు మరింత తగ్గింది.

అయినా ఓదార్పు సగం పనే. మనిషి కష్టంలోంచి బయటపడటమే కాదు, ఇంకో మెట్టు ఎక్కాలంటే ఆప్తులు ఏం చేయాలో చెబుతూ బ్రూక్ ఫీనీ, నాన్సీ కాలిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2015లో ఒక సిద్ధాంతం రాశారు. గాలివానలో నీడనిచ్చి, కూలినదాన్ని మళ్లీ కట్టుకునే బలం ఇవ్వడం ఒక పని. కష్టం లేని రోజుల్లోనూ కొత్తది నేర్చుకొమ్మని, బయటికి అడుగెయ్యమని వెన్నుతట్టడం రెండో పని. ఈ రెండోదాన్ని మనం సాయం కింద లెక్కెయ్యం.

గూడూరు నిమ్మరైతునే తీసుకోండి. ధర పడిపోయి కోతకూలి కూడా గిట్టని ఏడు, తోట కొట్టేస్తానంటాడు. ‘దిగులుపడబాక అబ్బయ్యా’ అనేవాళ్లు పదిమంది. ‘నేను అప్పుడే చెప్పలా’ అనేవాళ్లు ఇంకో పదిమంది, వాళ్లు రాకపోయినా నష్టం లేదు. అప్పుకాగితాలు ముందేసుకుని, ఏది ముందు తీర్చాలో పక్కన కూర్చుని చూసే బావమరిది ఒక్కడుంటే చాలు. మంచి బావమరిదైతే పెన్ను రైతు చేతికే ఇస్తాడు.

పెన్ను ఎందుకివ్వాలంటారా? సాయం కొట్టొచ్చినట్టు కనిపిస్తే, పొందేవాడికి తాను చేతకానివాడినన్న భావం కలగొచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్త నియాల్ బోల్గర్ బృందం న్యూయార్కులో లాయర్ల పరీక్షకు చదువుతున్నవాళ్ల చేతా, వాళ్ల జీవిత భాగస్వాముల చేతా విడివిడిగా రోజూ డైరీ రాయించింది. 2000లో వెలువడిన ఫలితం వింతగా ఉంది: ఇచ్చినవాళ్లు ఇచ్చామని రాసి, పుచ్చుకున్నవాళ్లు గమనించని సాయమే ఎక్కువ మేలు చేసింది. అడక్కుండా టీ పెట్టి, పిల్లల్ని అవతలికి తీసుకుపోయే అత్తలకు ఈ సంగతి ఏ డైరీ లేకుండానే తెలుసు.

ఇదంతా ఇంటిగడప లోపలి వ్యవహారమే అనుకుంటే మన జిల్లా కథ మరచినట్టే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఆడవాళ్లు చదువు నేర్పే అక్షరదీపం రాత్రిబడులకు వెళ్లారు. వాచకంలో సారా వల్ల చితికిన ఒక ఇంటి కథ ఉంది, సీతమ్మ కథ. ఎవరింట్లో వాళ్లు గుట్టుగా దాచుకున్న బాధ, పక్కింటి ఆమెకూ ఉందని లాంతరు వెలుగులో తెలిసింది. దూబగుంట అనే పల్లెలో సారా మీద మొదలైన కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. అక్కడితో వాళ్లు ఇళ్లకు పోలేదు. రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలయ్యారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. రూపాయి దాచుకునే గుంపులు మాత్రం ఆగలేదు.