గ్రంథస్వామ్యం, అంతర్జాలం, తెలుగు విద్యార్థి

తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు చదువుకొనే విద్యార్థికి పుస్తకం దొరకడమే మొదటి సమస్య. బెంగళూరులో తెలుగు మాట్లాడేవారు లక్షల సంఖ్యలో ఉన్నా, ఇరవై ముప్ఫై ఏళ్ల కిందటి విమర్శగ్రంథమో నవలో కావలసి వచ్చినప్పుడు దుకాణంలో దొరకడం అరుదు. అందువల్ల విద్యార్థులు ఎక్కువగా అంతర్జాలంలో దొరికే స్కాను ప్రతుల మీద ఆధారపడుతున్నారు. వీటిలో కొన్ని చట్టసమ్మతమైనవి, కొన్ని కావు. ఏది ఏ కోవకు చెందుతుందో గుర్తించే పద్ధతిని చెప్పడం, దాని వెనుక ఉన్న పెద్ద వివాదాన్ని స్థూలంగా పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

చౌర్యమనే మాట

ముందుగా మాటల సంగతి చూద్దాం. పత్రికలు 'పైరసీ'ని 'చౌర్యం' అని అనువదిస్తున్నాయి. అయితే మన అలంకారశాస్త్రంలో చౌర్యమంటే వేరే విషయం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణం, అర్థహరణం అంటూ మూడు అధ్యాయాలు కేటాయించాడు. ఒక కవి మాటనో భావాన్నో మరొక కవి తనదిగా చెప్పుకోవడం ఎంతవరకు ఒప్పు, ఎక్కడ తప్పు అనేది అక్కడ చర్చ. పైరసీలో జరిగేది ఇది కాదు. అట్టమీద రచయిత పేరు అలాగే ఉంటుంది, లోపలి మాటలూ అలాగే ఉంటాయి. రచయితకు దక్కకుండా పోయేది కీర్తి కాదు, ప్రతిఫలం. ఈ రెండు తప్పులనూ ఒకే మాటతో పిలవడం వల్ల చర్చ తరచు దారి తప్పుతున్నది.

తాళపత్రాల కాలంలో గ్రంథానికి ప్రతి రాయడం నేరం కాదు సరికదా, పుణ్యకార్యంగా భావించేవారు. కవికి జీవనోపాధి ప్రతుల అమ్మకం వల్ల కాక కృతిభర్త వల్ల లభించేది. అచ్చుయంత్రం వచ్చి ఆ ఏర్పాటును మార్చింది. వెల ఇచ్చి పుస్తకం కొనే వేలమంది పాఠకులు ఒక్క కృతిభర్త స్థానంలోకి వచ్చారు. పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద కనిపించే 'సర్వస్వామ్యసంకలితము' అనే మాట ఈ కొత్త ఏర్పాటుకు గుర్తు. అంతర్జాలం వచ్చాక ప్రతి తీయడానికి ఖర్చు దాదాపు లేకుండా పోయింది. కాగా రాయడానికి పట్టే శ్రమ మాత్రం తగ్గలేదు. వివాదమంతా ఈ తేడాలోనే ఉన్నది.

చట్టం ఏమి చెబుతుంది

ఇంగ్లండులో 1710లో అమలులోకి వచ్చిన ఆన్ రాణి శాసనాన్ని ఆధునిక గ్రంథస్వామ్య చట్టాలకు మూలంగా చెబుతారు. మనదేశంలో 1847లో ఒక చట్టం, 1914లో మరొకటి వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 1957 నాటి చట్టం. దీనికి పలుమార్లు సవరణలు జరిగాయి. వాటిలో అంతర్జాలాన్ని ముఖ్యంగా దృష్టిలో ఉంచుకొన్నది 2012 సవరణ.

ఈ చట్టం ప్రకారం సాహిత్యరచనపై హక్కు రచయిత జీవితకాలమంతా, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. మొదట ఇది 50 ఏళ్లే. రవీంద్రుని రచనల గడువు ముగిసే సమయంలో, 1992 సవరణ ద్వారా దీనిని 60కి పెంచారు. హక్కును ఉల్లంఘించిన వారికి 63వ సెక్షను ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. లాభాపేక్షతో చేయని ఉల్లంఘన అయితే శిక్ష తగ్గించే అధికారం న్యాయస్థానానికి ఉన్నది.

ఇదే చట్టంలోని 52వ సెక్షను ఏవి ఉల్లంఘన కావో చెబుతుంది. సొంత చదువు కోసం, పరిశోధన కోసం, విమర్శ కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. ఉపాధ్యాయుడు, విద్యార్థి బోధనలో భాగంగా ప్రతులు తీసుకోవచ్చు. ఈ చివరి అంశంపైనే ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని ఒక ఫొటోకాపీ దుకాణం మీద మూడు పెద్ద ప్రచురణసంస్థలు వ్యాజ్యం వేశాయి. అధ్యాపకులు సూచించిన అధ్యాయాలను ఒకచోట చేర్చి ప్రతులు తీయడం బోధనలో భాగమేననీ, అది ఉల్లంఘన కాదనీ ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం ఈ వాదాన్ని ప్రధానంగా సమర్థించింది. ప్రచురణకర్తలు 2017లో వ్యాజ్యాన్ని ఉపసంహరించుకొన్నారు.

అడ్డుకట్ట వేసే తీరు

తెలుగువారి మధ్య పైరసీ అనగానే గుర్తుకు వచ్చేది సినిమా. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రంలో దాదాపు సగభాగం విడుదలకు ముందే బయటికి పొక్కింది. అక్టోబరులో విడుదల చేయాలనుకొన్న చిత్రాన్ని సెప్టెంబరు 27కే తీసుకొని రావలసి వచ్చింది. 2025 నవంబరులో ఐబొమ్మ అనే వెబ్‌సైటును నడుపుతున్నాడన్న ఆరోపణపై హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. ఆరోపణ నిజానిజాలు తేల్చడం న్యాయస్థానం పని. కాని ఆ సందర్భంలో చాలామంది ప్రేక్షకులు టికెట్టు ధరలను ఎత్తిచూపి నిర్మాతలనే తప్పుపట్టారు. చట్టం పట్ల జనంలో ఏకాభిప్రాయం లేదనడానికి ఇది నిదర్శనం.

నిర్మాతలు విడుదలకు ముందు న్యాయస్థానానికి వెళ్లి, పేరు తెలియని ప్రతివాదులపై ఉత్తర్వులు తెచ్చుకోవడం ఒక పద్ధతి. 2012లో '3' అనే తమిళచిత్రం విషయంలో మద్రాసు హైకోర్టు ఇటువంటి ఉత్తర్వు ఇచ్చింది. దానిని ఆధారం చేసుకొని అంతర్జాల సేవాసంస్థలు కొన్ని వెబ్‌సైటులను పూర్తిగా మూసివేశాయి. వాటిలో సొంత వీడియోలు దాచుకొనే విమియో కూడా ఉన్నది. అడ్డుకోవలసింది నిర్దిష్టమైన చిరునామాలను మాత్రమేనని ఆ ఏడాది జూనులో న్యాయస్థానం స్పష్టం చేయవలసి వచ్చింది.

2017 ఆగస్టులో జరిగినది మనకు మరింత దగ్గరి సంగతి. రెండు హిందీ చలనచిత్రాలకు సంబంధించి మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల జాబితాలో రెండువేలకు పైగా వెబ్‌సైటులు ఉన్నాయి. వాటిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఒకటి. తమకు ముందుగా ఏ సమాచారమూ అందలేదని ఆ సంస్థ చెప్పింది. తెలుగు విద్యార్థులు వాడే స్కాను పుస్తకాలలో అధికభాగం ఉన్నది అక్కడే. రెండు సినిమాలను కాపాడటానికి వేసిన అడ్డుకట్ట, వాటితో ఏ సంబంధమూ లేని గ్రంథరాశికీ దారి మూసింది.

ఈ అనుభవాల నుంచి న్యాయస్థానాలు కొన్ని కొలతలు ఏర్పరచుకొన్నాయి. వెబ్‌సైటు మొత్తాన్ని మూయడం కంటే నిర్దిష్టమైన పుటలను గుర్తించాలని బొంబాయి హైకోర్టు 2016లో పట్టుబట్టింది. 2019 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టు మరొక వైపు చూసింది. ప్రధానంగా దొంగప్రతుల కోసమే నడిచే వెబ్‌సైటు అని తేలితే దానిని మొత్తంగా మూయవచ్చుననీ, అది పేరు మార్చుకొని వస్తే ఆ కొత్త చిరునామాకూ ఉత్తర్వును విస్తరించవచ్చుననీ చెప్పింది. అయితే నిషేధం తప్పుకు తగిన పరిమాణంలోనే ఉండాలని హెచ్చరించింది. నా అభిప్రాయంలో ఈ రెండు తీర్పులూ పరస్పరవిరుద్ధాలు కావు. దొంగసరుకు మాత్రమే అమ్మే దుకాణం వేరు, అన్ని సరుకుల మధ్య ఒక దొంగవస్తువు దొరికిన అంగడి వేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండవ కోవకు చెందినది.

శాసనకర్తలు మాత్రం వేగాన్నే కోరుకొంటున్నారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ దొంగచాటు చిత్రీకరణకూ, దాని ప్రసారానికీ మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణవ్యయంలో 5 శాతం వరకు జరిమానా నిర్ణయించింది. వెబ్‌సైటుల నుంచి దొంగప్రతులను తొలగించమని ఆదేశించే అధికారులను కేంద్ర సమాచార ప్రసార శాఖ అదే ఏడాది నవంబరులో నియమించింది. మన కర్ణాటకలో ఇంకా కఠినమైన ఏర్పాటు ఉన్నది. గూండా చట్టంగా పేరుపడిన 1985 నాటి చట్టం పరిధిలోకి 2014 సవరణ 'డిజిటల్ నేరస్థుల'ను తీసుకొనివచ్చింది. వ్యాపారం కోసం తెలిసి పుస్తకం, సంగీతం, చలనచిత్రం మొదలైనవాటి కాపీరైటును ఉల్లంఘించేవారు ఈ నిర్వచనంలోకి వస్తారు. విచారణ జరిగి నేరం రుజువు కాకముందే మనిషిని నెలల తరబడి నిర్బంధంలో ఉంచగల చట్టమిది. కాపీరైటు ప్రధానంగా ఆస్తికి సంబంధించిన హక్కు. దానిని కాపాడటానికి ముందస్తు నిర్బంధం అవసరమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. అమెరికాలో 2012 జనవరిలో ఇటువంటి రెండు బిల్లులకు నిరసనగా ఆంగ్ల వికీపీడియా ఒకరోజు మూతపడింది, ఆ బిల్లులు ఆగిపోయాయి. ఇక్కడ 2014 సవరణపై అంత చర్చ జరగలేదు.

సృష్టికర్త అంటే ఎవరు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి హక్కుదారులంతా సంపన్నులనే భావం కలగరాదు. సాధారణంగా వెయ్యి ప్రతులు అచ్చయ్యే తెలుగు పుస్తకానికి వంద ప్రతుల అమ్మకం తగ్గినా రచయితకు తెలుస్తుంది. చాలామంది రచయితలు సొంత డబ్బుతో పుస్తకం వేసి, ప్రతులు ఇంట్లో పెట్టుకొని అమ్ముకొంటారు. అటువంటి పుస్తకాన్ని స్కాను చేసి వందమందికి పంపడం, ఆ రచయిత తరువాతి పుస్తకాన్ని అచ్చుకు రాకుండా ఆపడమే అవుతుంది.

మరొక సంగతి. సినిమాలో హక్కు చాలావరకు నిర్మాతకు పోతుంది, గేయరచయితకు కాదు. 2012 సవరణ ఇక్కడ ఒక మేలు చేసింది. సినిమాలో వాడిన పాట సినిమాహాలులో ప్రదర్శన కాక ఇతరత్రా వినియోగమైనప్పుడు, దానిపై రాయల్టీలో సమభాగం పొందే హక్కును గేయరచయిత, స్వరకర్త నిర్మాతకు వదులుకోవడానికి వీలులేకుండా చేసింది. పైరసీని అరికట్టడం ఎంత ముఖ్యమో, వచ్చిన డబ్బు రాసిన చేతికి చేరడమూ అంతే ముఖ్యం. మొదటిదాని గురించి జరిగినంత ప్రచారం రెండవదాని గురించి జరగడం లేదు.

మూడు రకాల పుస్తకాలు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చరిత్ర ఈ సమస్యను చక్కగా వివరిస్తుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని ఆచార్య రాజ్‌రెడ్డి, చిత్తూరు జిల్లాలో పుట్టిన తెలుగువారు, పది లక్షల పుస్తకాల స్కానింగును తలపెట్టిన బృందంలో ముఖ్యులు. మనదేశంలో ఆ పనికి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రం కాగా, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు పాలుపంచుకొన్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు అలా వెలుగు చూశాయి. అయితే వాటిలో హక్కుల గడువు తీరనివీ కలిశాయి. తరువాత కాపీరైటు అభ్యంతరాల నడుమ ఆ వెబ్‌సైటు మూతపడింది. పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి, ఆ కలగలుపుతో సహా.

కాబట్టి విద్యార్థి తన ముందున్న స్కాను ప్రతిని మూడు రకాలుగా విడదీసి చూడాలి.

మొదటిది, హక్కుల గడువు తీరిన పుస్తకం. గురజాడ 1915లో, గిడుగు 1940లో మరణించారు. 1962లో మరణించిన గోపీచంద్ రచనలు 2023 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. వీటిని చదవవచ్చు, పంచవచ్చు, తెలుగు వికీసోర్సులో టైపు చేసి చేర్చవచ్చు. కాని రెండు జాగ్రత్తలు అవసరం. నన్నయ పద్యం మీద ఎవరికీ హక్కు లేదు గాని, దానికి ఇటీవల ఒక పండితుడు రాసిన పీఠిక, వ్యాఖ్యానం ఆయనవే. రచయిత మరణానంతరం మొదటిసారి ప్రచురితమైన రచనకు గడువు ప్రచురణ నుంచి లెక్కించాలి.

రెండవది, హక్కు ఉండి, అంగడిలో దొరికే పుస్తకం. విశ్వనాథ రచనలు 2037 వరకు, శ్రీశ్రీ రచనలు 2044 వరకు అందరి సొత్తు కావు. ఇటువంటివాటిని కొనాలి, లేదా గ్రంథాలయం చేత కొనిపించాలి. అధ్యయనానికి అవసరమైన భాగానికి ప్రతి తీసుకోవడానికి చట్టం అడ్డురాదు. పుస్తకం మొత్తాన్ని అంతర్జాలంలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోదు.

మూడవది, హక్కు ఉండి, ఎక్కడా దొరకని పుస్తకం. తెలుగులో ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. ప్రచురణకర్త లేడు, వారసులు ఎక్కడున్నారో తెలియదు, మిగిలిన ప్రతి పురుగుల పాలవుతున్నది. లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ ప్రతి చేసుకోవచ్చునని 2012 సవరణ అనుమతించింది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి మూడు ప్రతుల వరకు తీసుకొనే వీలు ఉన్నది. హక్కుదారు జాడ తెలియని రచనను ప్రచురించడానికి 31ఎ సెక్షను కింద అనుమతి కోరవచ్చు. ఈ మార్గాలు ఉన్నా వీటిని వాడుకొనేవారు తక్కువ. అమెరికాలో నాలుగు ప్రచురణసంస్థలు వేసిన వ్యాజ్యంలో, ఉన్న ప్రతికి బదులుగా స్కాను ప్రతిని ఎరువిచ్చే పద్ధతి చెల్లదని 2024 సెప్టెంబరులో తీర్పు వచ్చి ఇంటర్నెట్ ఆర్కైవ్ ఓడిపోయింది. వేరే దేశపు సంస్థ సొంత పూనికతో దాచిన ప్రతుల మీదనే మన సాహిత్యం ఆధారపడి ఉండటం క్షేమం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ మూడవ కోవ విషయంలో విద్యార్థులు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. తమ పరిశోధనలో తగిలిన అలభ్యగ్రంథాల పట్టిక తయారుచేసుకోవాలి. రచయిత మరణసంవత్సరం, ప్రచురణకర్త, వారసుల ఊరు తెలిసినంతవరకు రాసుకోవాలి. వారసులకు ఉత్తరం రాసి, పుస్తకాన్ని స్వేచ్ఛగా చదువుకోవడానికి లిఖితపూర్వకంగా అనుమతి అడగాలి. తమ తాతగారి పుస్తకాన్ని దూరప్రాంతంలో ఎవరో చదువుతున్నారంటే కాదనే కుటుంబాలు ఎక్కువ ఉండవు. అలా అనుమతి వచ్చిన ప్రతిని రేపు ఏ న్యాయస్థానమూ తొలగించమనదు.